ఎంజైములన్నీ లోపలే ఉన్నాయి కదా, ట్రాన్స్‌పోర్టర్ల గొడవ దేనికి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీరు చెన్నైలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నారు. ఆరు నెలల ప్రాజెక్టుకు మీ ముందు రెండు దార్లున్నాయి. మలేరియా పారసైట్‌లోని అపికోప్లాస్ట్ అనే కణాంగం ఎంజైము ఒకటి, అదే అపికోప్లాస్ట్ పొర మీది ట్రాన్స్‌పోర్టర్, అంటే అణువుల్ని పొర దాటించే ప్రోటీన్ ఒకటి. "పని చేసేది ఎంజైములు, మందు తగిలేదీ వాటికే. ట్రాన్స్‌పోర్టర్ ఉత్త గొట్టం కదా, దాని మీద కాలం ఎందుకు తగలెయ్యాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. కణాంగంలో ఏ ఎంజైముకు పని దొరుకుతుందో, ఏది చేతులు కట్టుకుని కూర్చుంటుందో తేల్చేది పొర మీది ట్రాన్స్‌పోర్టరే. మందు లోపలికి చేరుతుందా లేదా అన్నదీ చాలాసార్లు దాని చేతిలోనే ఉంటుంది. మీ ప్రాజెక్టు సంగతి మాత్రం వేరు, అది చివర్లో చెప్తాను. మంచి ప్రశ్న అయినంత మాత్రాన ఆరు నెలల్లో తెమిలిపోదు.

నాది కాకినాడ వైపు. బెంగళూరులో పదహారేళ్లుగా ఫాల్సిపేరమ్ అనే మలేరియా పారసైట్ కల్చర్ నడుపుతున్నాను. రోజూ మీడియం మార్చడం, తాజా రక్తం కలపడం, జీమ్సా రంగు వేసిన రక్తపు స్మియర్ చూడడం. అందులో ఆరేళ్లు అపికోప్లాస్ట్ ట్రాన్స్‌పోర్టర్లతోనే గడిచాయి కాబట్టి నాకు కాస్త పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

అపికోప్లాస్ట్ అంటే ఒకప్పటి ఎర్ర నాచు తాలూకు ప్లాస్టిడ్, ఆకులోని క్లోరోప్లాస్ట్‌కు చుట్టం. ఆ నాచును ఇంకో కణం మింగింది, అది అరగకుండా లోపలే కాపురం పెట్టింది. అందుకే చుట్టూ నాలుగు పొరలు. కిరణజన్య సంయోగక్రియ ఎప్పుడో పోయింది. మిగిలినవి 35 వేల బేస్‌ల చిన్న జీనోమ్, కొన్ని వంటకాలు: ఐసోప్రినాయిడ్లన్నిటికీ ముడిసరుకైన ఐపీపీ, కొవ్వు ఆమ్లాలు, హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకునే హీమ్ తయారీలో మధ్య భాగం, ఇనుము గంధకం కలిసిన గుత్తులు. పుస్తకంలో ఈ దారుల బొమ్మలు చూస్తే ఎంజైములన్నీ వరసగా ఉంటాయి. పొయ్యి ఉంది, గిన్నెలున్నాయి, గరిటె ఉంది. బియ్యం ఎక్కడివి అని మాత్రం ఆ బొమ్మ అడగదు.

ఆకులోని క్లోరోప్లాస్ట్‌కు ఆ బెంగ లేదు. పగలంతా వెలుతురుతో కార్బన్ సంపాదించి, మిగిలింది ట్రయోజ్ ఫాస్ఫేట్‌గా బయటికి పంపుతుంది. పంపే తలుపు పేరు ట్రయోజ్ ఫాస్ఫేట్ ట్రాన్స్‌లొకేటర్. అపికోప్లాస్ట్‌కు వెలుతురు పోయిన రోజే సొంత సంపాదన పోయింది, కార్బనూ లేదు, కణానికి శక్తి నాణెమైన ఏటీపీ కూడా లేదు. తలుపు మాత్రం వారసత్వంగా దక్కింది. ఇప్పుడు సరుకు ఎదురు దిక్కున నడుస్తోంది. బయట సైటోసాల్‌లో, అంటే కణద్రవంలో, పారసైట్ గ్లూకోజ్‌ను విరగ్గొట్టగా వచ్చిన డీహెచ్‌ఏపీ (ఇదొక ట్రయోజ్ ఫాస్ఫేట్), పీఈపీ అనే అణువులు ఈ తలుపు గుండా లోపలికి వస్తాయి.

ఊరికే రావు. ఒక ఫాస్ఫేట్ బయటికి వెళ్తేనే ఒక అణువు లోపలికి. ఖాళీ సిలిండర్ ఇస్తే గానీ నిండు సిలిండర్ దించని గ్యాస్ కుర్రాడి లెక్క. ఈ పోలిక గుర్తుంచుకోండి, నా మూడు వారాలు దీని వల్లే పోయాయి, కింద చెప్తాను.

ఫాల్సిపేరమ్‌లో ఈ జాతి ప్రోటీన్లు రెండున్నాయని, ఒకటి అన్నిటికంటే బయటి పొర మీద, ఇంకోటి లోపలి పొర మీద ఉంటుందని 2006లో తేలింది. 2010లో వాటిని కృత్రిమ పొరల్లో పెట్టి చూస్తే ట్రయోజ్ ఫాస్ఫేట్‌నూ పీఈపీనీ రెండింటినీ మోస్తున్నాయి. మొక్కల్లో ఈ రెండిటికీ వేర్వేరు తలుపులుంటాయి, మలేరియా పారసైట్ ఒకే రకం తలుపుతో సరిపెట్టుకుంది. అందులోని పొదుపు చూడండి. లోపలికొచ్చిన పీఈపీని పైరువేట్ కైనేజ్ పైరువేట్‌గా మార్చేటప్పుడు ఒక ఏటీపీ పుడుతుంది. డీహెచ్‌ఏపీ గ్లిజరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ అవుతుంది. పైరువేట్, ఈ గ్లిజరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ కలిస్తే ఐపీపీ దారిలో మొదటి మెట్టు. అంటే కార్బనూ శక్తీ ఒకే తలుపు గుండా దిగుతున్నాయి. అదే ఏడాది మలేరియా పారసైట్‌కు చుట్టమైన టాక్సోప్లాస్మాలో ఇలాంటి ట్రాన్స్‌పోర్టర్ ఒకదాన్ని ఆపితే పారసైట్ బతకలేదు. లోపల ఎంజైములు ఒక్కటీ తగ్గలేదు, పొయ్యి మీద ఎసరు మరుగుతూనే ఉంది, బియ్యం రాలేదు.

ఇక ఆ వంటల్లో ఏది నిజంగా అవసరం? 2011లో ఎలెన్ యే, జోసెఫ్ డెరిసి చేసిన ప్రయోగం దీనికి జవాబు. యాంటీబయాటిక్ పెట్టి అపికోప్లాస్ట్‌ను పూర్తిగా పోగొట్టి, మీడియంలో ఐపీపీ పోస్తూ ఉంటే రక్తదశ పారసైట్లు నిక్షేపంగా పెరిగాయి. ఎర్ర రక్తకణంలో ఉన్నంత కాలం అంత సంసారమూ ఐపీపీ ఒక్కదాని కోసమే అన్నమాట. మీ ట్రాన్స్‌పోర్టర్‌ను ఆపితే పారసైట్ చచ్చి, ఐపీపీ పోస్తే బతికితే, అది అపికోప్లాస్ట్ పనిలో ఉన్నట్టే. మా రంగంలో ఇంత చవకగా ఇంత నమ్మకమైన జవాబిచ్చే పరీక్ష ఇంకోటి లేదు. చవక అన్నది తర్కంలోనే, ఐపీపీ ధరలో కాదు.

ఒక హెచ్చరిక. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మామూలు మోతాదులో పెడితే పారసైట్ వెంటనే చావదు. మొదటి 48 గంటల చక్రం బాగానే గడుస్తుంది, పిల్లకణాలు కొత్త రక్తకణాల్లోకి దూరుతాయి, రెండో చక్రంలో కూలిపోతాయి. దీన్ని ఆలస్య మరణం అంటారు, ఐపీపీ దీన్ని ఆపగలదు. అదే డాక్సీసైక్లిన్ మోతాదు పెంచితే పారసైట్ మొదటి చక్రంలోనే చస్తుంది. దెబ్బ ఇంకెక్కడో పడుతోందని చాలాకాలం అనుకున్నారు, కానీ 10 మైక్రోమోలార్ దగ్గర ఆ చావును కూడా ఐపీపీ ఆపగలదని, దెబ్బ తగిలే తీరు మాత్రం వేరని 2020లో తేలింది. కాబట్టి ఏ మోతాదులో చేశారో రాయని "రెస్క్యూ" ఫలితాన్ని నేను పట్టించుకోను.

అపికోప్లాస్ట్ లేని పారసైట్లను పెంచడం పసిపిల్లల్ని పెంచడమే. 200 మైక్రోమోలార్ ఐపీపీ తప్పకూడదు. ఓ సంక్రాంతికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఊరికెళ్తూ ఫ్లాస్కులు జూనియర్‌కు అప్పగించాను. పాపం రోజూ మీడియం మార్చాడు, ఐపీపీ కలపాలని అతనికి తెలియదు, నేను సీసా మీద రాయనూ లేదు. కనుమ నాడు గారెలు తింటుంటే ఫోన్లో స్మియర్ ఫొటో వచ్చింది. ఉంగరాల్లాంటి కుర్ర పారసైట్లు కనబడాల్సిన చోట ముద్దకట్టిన నల్లచుక్కలు. పక్క ఫ్లాస్కులో అపికోప్లాస్ట్ ఉన్న మామూలు పారసైట్లు అదే మీడియంలో హాయిగా ఉన్నాయి. ఇంతకంటే శుభ్రమైన కంట్రోల్ ప్రయోగం నేను కావాలని చేసినా కుదిరేది కాదేమో, కానీ నాలుగు నెలల పని పోయింది.

ఇప్పుడు మందుల సంగతి. ఫాస్మిడోమైసిన్ ఐపీపీ దారిలోని ఒక ఎంజైమును ఆపుతుంది, ఫాల్సిపేరమ్‌ను చంపుతుంది. టాక్సోప్లాస్మాలోనూ ఆ ఎంజైముంది, అది లేకపోతే టాక్సోప్లాస్మా బతకదు కూడా. అయినా మందు దాన్ని ఏమీ చెయ్యలేదు. మీ లెక్క ప్రకారం అలా జరగకూడదు కదా? 2011లో దీని గుట్టు బయటపడింది. మందుకు లోపలికి దారి లేదు, అంతే. ఈ.కోలై బ్యాక్టీరియాలో గ్లిజరాల్-3-ఫాస్ఫేట్‌ను మోసే ఒక ట్రాన్స్‌పోర్టర్ ఉంది, ఫాస్మిడోమైసిన్ దాని గుండానే బ్యాక్టీరియాలోకి దూరుతుంది. ఆ జీన్ తెచ్చి టాక్సోప్లాస్మాలో పెడితే మందు పనిచేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెతకు ఇంతకంటే అచ్చమైన ఉదాహరణ నాకు తారసపడలేదు. ఫాల్సిపేరమ్‌కు మందు తగలడానికి కారణం, అది తాను చొరబడిన ఎర్ర రక్తకణం పొరలో పోషకాల కోసం కొత్త దారులు తెరుచుకుంటుంది, మందు ఆ దారుల్లో వచ్చేస్తుంది. తిండి కోసం తీసిన తలుపులోంచి విషం కూడా వచ్చిందన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురు కథ క్లోరోక్విన్‌ది. ఇక్కడ కణాంగం అపికోప్లాస్ట్ కాదు, జీర్ణకోశం లాంటి వాక్యూల్. పారసైట్ రక్తకణంలోని హిమోగ్లోబిన్‌లో ఎక్కువ భాగాన్ని అక్కడే అరిగించుకుంటుంది. విషపూరితమైన హీమ్ మిగిలితే దాన్ని నల్లటి స్ఫటికాలుగా గట్టిపరుస్తుంది. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో పారసైట్‌ను గుర్తుపట్టింది ఆ నల్లటి రంగు రేణువుల్ని చూసే. క్లోరోక్విన్ ఈ ఆమ్లపు సంచిలో పోగుపడి స్ఫటికాలు కట్టకుండా అడ్డుకుంటుంది. నిరోధం వచ్చిన పారసైట్లలో హీమ్ మారలేదు, మందు తగిలే చోటూ మారలేదు. మారింది సంచి పొర మీది పీఎఫ్‌సీఆర్‌టీ అనే ట్రాన్స్‌పోర్టర్. అందులో 76వ స్థానంలోని లైసిన్ పోయి థ్రియోనిన్ వచ్చింది, ధనావేశమున్న అడ్డు తొలగింది, ధనావేశమున్న క్లోరోక్విన్ ఆ దారిన బయటికి జారుకుంది. ఆ జీన్‌ను 2000లో పట్టుకున్నారు. మన దేశంలో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపేరమ్ 1973లోనే అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లో కనబడింది.

మరి ఆ ప్రోటీన్ పుట్టింది మందును బయటికి తోయడానికి కాదు కదా. దాని అసలు ఉద్యోగం వాక్యూల్‌లో హిమోగ్లోబిన్ అరగ్గా మిగిలిన పెప్టైడ్లను సైటోసాల్‌కు చేరవెయ్యడం అని 2020లో చూపించారు. మందును తోసే రూపాలు ఆ అసలు ఉద్యోగంలో కాస్త వెనకబడతాయి. మలావీ దేశం 1993లో క్లోరోక్విన్ వాడకం ఆపేసింది. పదేళ్లు తిరక్కముందే అక్కడ మార్పు చెందిన రూపం దాదాపు మాయమై, మందుకు లొంగే పారసైట్లు తిరిగొచ్చాయి. మందు లేనప్పుడు తిండి సరిగ్గా మోసేవాడే గెలిచాడు. ట్రాన్స్‌పోర్టర్ మీద మందు ఒత్తిడి పెడితే ఆ దెబ్బ మెటబాలిజం మీదికి పోతుంది. మీ గైడ్ "నిరోధం, మెటబాలిజం రెండూ వేరే వేరే చాప్టర్లు" అంటే ఈ ఉదాహరణ చెప్పండి. ఇంకో సంగతి, పీఎఫ్‌సీఆర్‌టీ, పైన చెప్పిన ట్రయోజ్ ఫాస్ఫేట్ తలుపులు ఒకే పెద్ద ప్రోటీన్ కుటుంబానికి చెందినవి. నేను వరసలు పక్కపక్కన పెట్టి చూసిన రోజు చాలాసేపు టీ తాగడం మరిచిపోయాను.

హీమ్ మాట వచ్చింది కాబట్టి మా బెంగళూరు పని చెప్పకుండా ఉండలేను. ఇక్కడి ఐఐఎస్‌సీలో (ఆటోవాళ్లకు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటేనే తెలుస్తుంది) గోవిందరాజన్ పద్మనాభన్, నమితా సురోలియా 1990ల మొదట్లోనే పారసైట్ తన హీమ్ తానే తయారు చేసుకోగలదని చూపించారు. ఆ తయారీ దారి చూడండి. మొదటి మెట్టు మైటోకాండ్రియాలో. అక్కడ పుట్టిన ఏఎల్‌ఏ అనే చిన్న అణువు బయటికొచ్చి అపికోప్లాస్ట్‌లోకి వెళ్తుంది, అక్కడ కొన్ని మెట్లు. మళ్లీ సైటోసాల్‌లో ఒక మెట్టు. ఇనుము చేర్చడానికి తిరిగి మైటోకాండ్రియాకు. మెజెస్టిక్‌లో బస్సు మారి, సిల్క్ బోర్డ్‌లో ఇంకో బస్సు మారి, చివరికి బయల్దేరిన స్టాపు పక్కనే దిగినట్టు. మారే ప్రతిచోటా పొర దాటాలి, దాటే ప్రతి పొరకూ దారి కావాలి. ఎంజైముల చిరునామాలు ముందు తెలిశాయి కాబట్టి ఈ దారులు ఉండి తీరాలని తర్కంతో చెప్పగలిగాం.

అయితే పద్మనాభన్ బృందమే 2013లో ఇంకో సంగతి తేల్చింది. ఎలుకల మలేరియా పారసైట్ బెర్గేలో ఈ దారి జీన్లు తీసేస్తే రక్తదశ ఆగలేదు, దోమలోనూ కాలేయంలోనూ పెరుగుదల ఆగిపోయింది. రక్తంలో చుట్టూ హీమ్ సముద్రం ఉంటే సొంత బావి ఎందుకు? కొవ్వు ఆమ్లాలదీ ఇదే వరస. 2001లో ట్రైక్లోసాన్ అనే బ్యాక్టీరియా నాశిని ఫలితాలతో ఆ దారి మీద బోలెడు ఆశలు పెట్టుకున్నారు, తర్వాత జీన్లు తీసి చూస్తే దాని అవసరం ముఖ్యంగా కాలేయ దశలో అని తేలింది. రక్తంలో ఉన్నప్పుడు పారసైట్ కొవ్వు ఆమ్లాలు మన దగ్గర్నుంచే లాక్కుంటుంది. అందుకే "ఈ ట్రాన్స్‌పోర్టర్ అత్యవసరం" అని ఎవరన్నా అంటే ఏ దశలో అని అడగండి.

మలేరియా దాటి ఒక్క ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే తలుపు లేకపోవడం కూడా ఒక ఉపాయమే. ఆఫ్రికా నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమాలో గ్లూకోజ్ విరిగే మొదటి ఏడు మెట్లు గ్లైకోసోమ్ అనే సంచిలో జరుగుతాయి. ఆ కణాంగానికి 1977లో ఆప్పర్‌డోస్, బోర్స్ట్ ఆ పేరు పెట్టారు. లోపల మొదట్లో ఒక గ్లూకోజ్‌కు రెండు ఏటీపీలు ఖర్చు, ఏడో మెట్టుకు వచ్చేసరికి రెండు తిరిగొస్తాయి. నికర లాభం సున్నా. లాభం ఇచ్చే మెట్టు బయట ఉంది. సున్నాకు సున్నా కాబట్టి ఏటీపీని పొర దాటించాల్సిన పనే లేదు. ఇంత చుట్టు తిరుగుడు ఎందుకంటే, ట్రిపనోసోమాలో మొదటి మెట్టు ఎంజైమైన హెక్సోకైనేజ్‌కు "ఇక చాలు" అని చెప్పే అదుపు లేదు. పొర లేకపోతే బయట పుట్టిన ఏటీపీ అంతా మొదటి మెట్లకే తగలబడిపోయేది. ఎలక్ట్రాన్ల లెక్క మాత్రం లోపల సరిపోదు, దానికి గ్లిజరాల్-3-ఫాస్ఫేట్ బయటికొచ్చి మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు దించి, డీహెచ్‌ఏపీగా తిరిగి వెళ్తుంది. బీహార్ కాలా అజార్ పారసైట్ లీష్మానియాకూ గ్లైకోసోములున్నాయి. దాని మీద వాడిన యాంటిమొనీ మందు ఆక్వాగ్లిసెరోపోరిన్ అనే తలుపు గుండా లోపలికి వెళ్తుంది, ఆ తలుపు తగ్గించుకున్న పారసైట్‌కు మందు సరిగ్గా ఎక్కదు. ఇది మళ్లీ ఫాస్మిడోమైసిన్ కథే.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. ట్రాన్స్‌పోర్టర్ పనికి మూడు తలనొప్పులుంటాయి, మొదటిదే పెద్దది.

ఫాల్సిపేరమ్ జీనోమ్‌లో దాదాపు 80 శాతం ఏ, టీ అనే డీఎన్‌ఏ అక్షరాలే. ఆ జీన్‌ను అలాగే తీసుకెళ్లి ఈ.కోలైలో పెడితే అది నోరు తెరవదు, పైగా ఇది పొరలో దిగే ప్రోటీన్. జీన్‌ను కొత్తగా రాయించుకోవాలి, ఒకటికి రెండు వ్యవస్థల్లో ప్రయత్నించాలి. కప్ప అండాల్లో పెట్టేవాళ్లున్నారు. పీఎఫ్‌సీఆర్‌టీని అలాగే 2009లో పట్టుకున్నారు. అండం పొర మీద అది వాక్యూల్ లోపలి వైపు బయటికి ఉండేలా కూర్చుంటుంది. ఏ వైపు ఏదో కాగితం మీద బొమ్మ వేసుకోకుండా మొదలుపెట్టకండి.

రెండోది పైన చెప్పిన సిలిండర్ సంగతి. నేను లిపోసోముల్లో (కొవ్వు పొరతో చేసిన చిన్న బుడగల్లో) ప్రోటీన్ పెట్టి రేడియో గుర్తున్న ఫాస్ఫేట్ లోపలికెళ్తుందేమో చూశాను. మూడు వారాల పాటు గీత నేల మీదే. ప్రోటీన్ చచ్చిందనుకుని కొత్తది తయారు చేయడం మొదలుపెట్టాను కూడా. చివరికి గమనించిందేమిటంటే, లిపోసోముల లోపల మారకానికి రేడియో గుర్తు లేని మామూలు ఫాస్ఫేట్ నింపనే లేదు. ఖాళీ సిలిండర్ లేనిదే నిండు సిలిండర్ ఎవరిస్తారు? నింపిన రోజు మొదటి నిమిషంలోనే గీత లేచింది. ఎప్పుడూ నింపినవీ నింపనివీ పక్కపక్కన పెట్టి చెయ్యండి. తొలి సెకన్లలోనే కొలతలు తీసుకోండి, అరగంట తర్వాత కొలిస్తే తెలిసేది లిపోసోము పరిమాణమే గానీ ట్రాన్స్‌పోర్టర్ వేగం కాదు.

మూడోది, ఆకుపచ్చ ప్రోటీన్ తోక తగిలించి మామూలు మైక్రోస్కోపులో చూసి "అపికోప్లాస్ట్ పొర మీద ఉంది" అనకండి. నాలుగు పొరలూ అందులో ఒకే చుక్కగా కనబడతాయి. ఏ పొరో తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

ఆరు నెలలే చేతిలో ఉంటే, ఆ ల్యాబ్‌లో ట్రాన్స్‌పోర్ట్ పరీక్ష ఇప్పటికే నడుస్తూ ఉంటే తప్ప, ఎంజైమే తీసుకోండి. ఎంజైముతో మీకు నెలలో అంకెలు వస్తాయి, డిగ్రీ చేతికొస్తుంది. పీహెచ్‌డీకి వెళ్లే ఉద్దేశముంటే ట్రాన్స్‌పోర్టర్ కోసం అక్కడ నాలుగేళ్లు పెట్టుకోండి. నడుస్తున్న పరీక్ష ఉన్న ల్యాబ్ దొరికితే మాత్రం రెండో ఆలోచన పెట్టుకోకండి. గైడ్‌ను కలిసినప్పుడు రెండే అడగండి. ప్రోటీన్ ఇప్పటికే శుద్ధి చేసి ఎవరి దగ్గరైనా ఉందా? రేడియోధార్మిక ఫాస్ఫేట్ వాడే అనుమతి ఆ ల్యాబ్‌కు ఉందా? భాస్వరం-32 సగం ఆయువు 14 రోజులే, అది వచ్చాక ప్రోటీన్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటే డబ్బులు కరిగిపోతుంటాయి.